ముప్పైరెండు చాలన్నది ఆమె కాదు

మా ముందుగదిలో ఉన్న టీవీ ముప్పైరెండు అంగుళాలది. అంతకంటే పెద్దది వద్దని మా ఆవిడ పట్టుబట్టిందని మా ఉక్కు ఊళ్ళో కద్మా పేటలో ఉన్న మన తెలుగువాళ్ళందరికీ తెలుసు. వాళ్ళకి చెప్పింది నేనే. అది అబద్ధం. అబద్ధం చెప్పిన నోటితోనే నిజమూ చెప్పాలి కనుక ఇది రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్ళుగా రోలింగ్ మిల్లులో రేకుల కొలతలు చూడటం నా ఉద్యోగం. రేకు బయటికి వస్తుంది, నేను స్టీలు టేపు లాగుతాను, వెడల్పు చెబుతాను, ఒకాయన రాసుకుంటాడు. ఆ టేపు డ్యూటీ దిగాక కూడా నా జేబులోనే ఉంటుంది. మంచం గుమ్మంలోంచి పడుతుందా లేదా అన్నా, బీరువాకి తలుపు కట్టించాలన్నా, చవితి పందిరికి గేటు నిలబెట్టాలన్నా మా క్వార్టర్ల లైనులో అందరూ నన్నే పిలిచేవారు. ఆ టేపు అబద్ధం ఆడదనేవారు. నిజమే, టేపు ఆడదు.

ధన్‌తేరస్ నాడు అంటే దీపావళికి రెండు రోజుల ముందు, ఏదో ఒక లోహపు వస్తువు కొనడం ఇక్కడి హిందీవాళ్ళ ఆచారం. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినప్పుడు మాకది లేదు. ఇప్పుడు వాళ్ళకంటే మాకే పట్టింపు ఎక్కువ. మొదట్లో స్టీలు గ్లాసుతో సరిపెట్టుకునేవాళ్ళం. తర్వాత కుక్కరు, ఆ తర్వాత మిక్సీ. ఆ ఏడు స్మార్ట్ టీవీ అనుకున్నాం. అందులో లోహం ఎంతుంటుందని ఎవరూ అడగలేదు.

పెద్ద టీవీ పిచ్చి అప్పటికే లైనంతా పాకింది. వెనక లైనులో ఒకాయన యాభైయైదు అంగుళాలది కొన్నాడు. క్వార్టరు ముందుగది పది అడుగులు. అంత దగ్గర నుంచి చూస్తే మెడ పట్టేస్తోందని సోఫాని వరండాలోకి తోసి, కిటికీలోంచి సొంత టీవీ చూసుకునేవారు. వానొస్తే గొడుగు కూడా వేసుకునేవారు. ఆయన్ని చూసి నేను బాగా నవ్వాను. నా వంతు ఇంకా రాలేదు.

మా ముందుగదిలో టీవీ పట్టే చోటు ఒక్కటే, వీధి గుమ్మానికీ గోడ బీరువాకీ మధ్య. నలభై ఒక్క అంగుళం. నేనే కొలిచాను. మా ఆవిడకి నలభై మూడు అంగుళాలది కావాలి. శుక్రవారం సాయంత్రాలు లైనులో ఆడవాళ్ళు సినిమా చూడటానికి మా ఇంట్లో చేరతారు. చాప గుమ్మం దాకా పరుచుకుంటుంది. ఆఖర్న కూర్చునేవాళ్ళకి కూడా బొమ్మ కనిపించాలన్నది ఆమె కోరిక. ఆమె ఏం చేసిందంటే, నలభై మూడు ఉన్న ఇంటికి వెళ్ళి, ఆ టీవీని ఈ చివర నుంచి ఆ చివర దాకా చీర కొంగుతో కొలిచి, ముడి వేసుకుని వచ్చింది. మా గోడకి ఆనించింది. ముడి బీరువాకి ఇవతలే ఆగిపోయింది.

"సూడు, పడతాది. నాలుగు వేళ్ళ సందు కూడా మిగిలింది" అంది.

"ఓలే, గోడ నలబై ఒకటి, టీవీ నలబై మూడు. ఎలగ పడతాదే? చీర సాగుతాది. ఇనుము సాగదు" అన్నాను.

ఇనుమును పొద్దస్తమానం సాగదీసే మిల్లులో జీతం తీసుకుంటూ ఆ మాట అన్నాను.

"సరే. కొలతల మడిసివి నువ్వే కదా" అని ఊరుకుంది. ముడి మాత్రం విప్పలేదు.

పండగ నాడు ఇద్దరం సాక్చి బజారుకి వెళ్ళాం. టీవీల కొట్టు కిటకిటలాడుతోంది. అమ్మే కుర్రాడు నన్ను నలభై మూడు ముందు నిలబెట్టాడు. "దాదా, హాల్ కే లియే యహీ లీజియే" అన్నాడు, హాలుకి ఇదే తీసుకోండని. నేను టేపు తీసి నలభై ఒకటి దగ్గర వేలు పెట్టి చూపించాను. మా గోడ ఇంతే అన్నాను. అతను టేపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏదో చెప్పబోయాడు. ఈలోగా వెనక నుంచి ఇద్దరు పిలిచారు. "జైసీ ఆప్‌కీ మర్జీ", మీ ఇష్టం అని వెళ్ళిపోయాడు. చేతిలో టేపు ఉంది. ఎదురుగా టీవీ ఉంది. దానికి టేపు పెట్టాలని నాకు తోచలేదు. మిల్లులో రేకు మీద చీటీ అంటించాక అందులో రాసిందే వెడల్పు. ఇక్కడా పెట్టె మీద నలభై మూడు అని రాసి ఉంది. ముప్పైరెండు తీసుకుని ఆటో ఎక్కాం. దారంతా ఆమె పెట్టెని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

సాయంత్రానికి టీవీ గోడెక్కింది. కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాం. ఇటు ఆరున్నర అంగుళాలు, అటు ఆరున్నర అంగుళాలు ఖాళీ. గోడకి తపాలా బిళ్ళ అంటించినట్టుంది. కాలేజీలో చదివే మా అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తి, "పాపా, స్క్రీన్ కోనే సే కోనే తక్ నాప్తే హైఁ" అంది. మూల నుంచి మూలకి కొలుస్తారట. టేపు తీసి ఏటవాలుగా పెట్టాను. సరిగ్గా ముప్పైరెండు. అడ్డంగా పెట్టాను. ఇరవై ఎనిమిది.

మర్నాడు కొబ్బరి ముక్కలు ఇచ్చే నెపంతో ఆ నలభై మూడు వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటావిడ గిన్నె తెద్దామని లోపలికి వెళ్ళగానే టేపు లాగాను. వెడల్పు ముప్పై ఎనిమిది. కొంగు ముడి చెప్పింది అదే.

"ఎవరితోటీ అనకు" అని మా అమ్మాయికి చెప్పాను.

"మమ్మీ సే భీ నహీఁ?"

మమ్మీకి కూడా చెప్పొద్దా అని అడిగింది. మమ్మీకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

చూడవచ్చిన ప్రతివాళ్ళూ "ఏటి, ఇంత చిన్నది తెచ్చినావు?" అని అడిగారు. మొదట్లో నిరాడంబరత గురించి ఉపన్యాసాలు ఇచ్చాను. మనిషికి ఎంత తెర కావాలి, కళ్ళకి ఎంత మంచిది అంటూ. ఎవరూ నమ్మలేదు. ఒక రోజు మిల్లు క్యాంటీన్‌లో టీ తాగుతుంటే వెనక లైను యాభైయైదు ఆయనే అడిగాడు.

"నీ టేపు గానీ తప్పు సెప్పినాదేటి?"

నలుగురూ నా వైపు తిరిగారు. ఇరవై ఆరేళ్ళ పేరు ఒక్క గుటకలో పోయేలా ఉంది.

"టేపుదేం లేదు బావా. మా ఇంటిది ముప్పైరెండు సాలంది. పైసా తియ్యనిత్తదేటి అది?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు హాయిగా అనిపించింది. ఇంకొంచెం కావాలనిపించి, ప్రకటనలు వచ్చినప్పుడు కరెంటు ఆదా అని టీవీ ఆపేస్తుందని కూడా చేర్చాను. అది నా సొంత కల్పన. మిగతావి నేను కల్పించలేదు, వాటంతట అవే పుట్టాయి. అగ్గిపుల్లని రెండుగా చీలుస్తుందట. పోపులో ఆవాలు లెక్కపెట్టి వేస్తుందట. నెల తిరిగేసరికి ఆమెకి ముప్పైరెండమ్మ అని పేరు పడింది. శుక్రవారం వచ్చేవాళ్ళు తగ్గి చాప కురచైంది.

ఇవన్నీ ఆమె నవ్వేసి ఊరుకునేదేమో. చవితి దగ్గర మాత్రం అలా కాలేదు. మన పందిట్లో పులిహోర పదకొండేళ్ళుగా ఆమెదే. అటక మీద నుంచి పెద్ద ఇత్తడి గరిటె దింపి, చింతపండుతో తోమి, భుజాన వేసుకుని వెళ్ళేది. ఆ గరిటె ఆమె అమ్మది. ఏడాది మొత్తంలో నలుగురూ ఆమె వంట కోసం ఎదురుచూసే రోజు అదొక్కటే. టీవీ కొన్న మరుసటి చవితికి పందిట్లో వంట చూసే పెద్దావిడ, మేమందరం పిన్ని అని పిలిచే ఆవిడ, పులిహోర వేరే వాళ్ళకి అప్పగించింది.

"ఏటీ అనుకోకమ్మా. నూని బొట్లు లెక్కెట్టి పోసే సెయ్యి దేవుడి వంటకి పనికిరాదు" అందట.

మా ఆవిడకి ఆకులు తుడిచే పని ఇచ్చారు. తుడిచి వచ్చింది. తోమిన గరిటెని మళ్ళీ గుడ్డలో చుట్టి, స్టూలెక్కి అటక మీద పెట్టింది. నేను చూస్తూ ఉన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. ఆ ఒక్క మాటా అనిపించుకోవడానికి కూడా నాకు ఏడాది పట్టింది.

ఒక ఆదివారం నేనే కదిపాను. "నలభై మూడు కొందాం. నీ కొంగే కరెక్టు" అన్నాను.

"నా కొంగు కరెక్టని నాకు తెల్దేటి? టీవీ వద్దు. ఎవులికి సెప్పాలో ఆళ్ళకి సెప్పు" అంది.

తర్వాతి ఏడు చవితి మీటింగు కాసిడీహ్‌లో ఒక బడి గదిలో పెట్టారు. ముప్పై మందిదాకా ఉన్నారు. గేటు కొలతల విషయం రాగానే లేచాను. టీవీ కొలత తప్పింది నేనని, ఆమె నలభై మూడే అడిగిందని, పిసినారితనం కథలన్నీ నా నోటి నుంచి మొదలయ్యాయని చెప్పాను.

యాభైయైదు ఆయన, "ఏటి బావా, రాత్రి ఇంట్లో గట్టిగా పడ్డాయేటి?" అన్నాడు. గది గొల్లుమంది. అప్పట్లో అబద్ధాన్ని ఒక్క టీ గుటకలో నమ్మినవాళ్ళు, నిజం మీద ఒట్టేసినా నమ్మలేదు. పైగా ఆమె నన్ను కొట్టి చెప్పించిందన్నారు. అరగంటలో ఆమె పేరుని ఇంకో మెట్టు దించాను.

నవ్వని మనిషి పిన్ని ఒక్కతే. ఆవిడ ఆలోచనలో పడింది.

"ఉండండర్రా. మా ఇంట్లో బీరువా కొలిసింది ఈడే కదా?" అంది.

నవ్వు ఆగిపోయింది. నేను ఎవరెవరి ఇళ్ళలో టేపు లాగానో ఒక్కొక్కరికే గుర్తొచ్చింది. ఆ వారం లైనులో బీరువాలూ మంచాలూ తలుపులూ అన్నీ మళ్ళీ కొలుచుకున్నారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ నన్ను పిలవడం మానేశారు. అది నాకు దక్కాల్సిందే.

పిన్ని మాత్రం మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పి, నాతో మాట్లాడకుండా, తన కొంగుతో గోడ కొలిచింది. తర్వాత నలభై మూడు వాళ్ళింటికి వెళ్ళి, ఆ కొంగు పట్టుకునే తిరిగొచ్చింది. చాప మీద కూలబడి మంచినీళ్ళు తాగింది.

"అమ్మీ, నేను తప్పు మాటాడీసినాను. గరిటి ఉందేటి?" అని అడిగింది.

"అటక మీదుంది పిన్నీ. ఎవుల వల్ల ఎక్కినాదో ఆళ్ళే దింపాల" అంది మా ఆవిడ.

నేను స్టూలెక్కాను. స్టూలు ఊగింది. కింద ఇద్దరున్నారు, ఇద్దరూ పట్టుకోలేదు.

చవితి నాడు విస్తరాకు పట్టుకుని అందరితో పాటు వరసలో నిలబడ్డాను. నా ముందున్న యాభైయైదు ఆయన విస్తరిలో రెండు గరిటెలు నిండుగా పడ్డాయి. నూనె ఆకు అంచు దాకా కారింది. నా వంతు వచ్చింది. ఆమె గరిటె చివరతో కొంచెం తీసి నా ఆకు మధ్యలో పెట్టింది. చుట్టూ బోలెడు ఖాళీ.

"సరిపోతాదా, కొలిసి సూసుకుంతావా?" అంది. వెనక వరస గొల్లుమంది.

టేపు జేబులోనే ఉంది. తియ్యలేదు. పక్కకి జరిగి తిన్నాను, మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడ్డాను.