పంపుకు వేసిన దొంగ సీలు

2011. సకల జనుల సమ్మె నడుస్తోంది. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, నాది డీజిల్ పంపులు బాగుచేసే షాపు. బస్సులు డిపో దాటడం లేదు, రైళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. జనమంతా జీపుల మీదే పడ్డారు. నేనూ పొద్దున పోయి రోడ్డు మీద బైఠాయించి, మధ్యాహ్నం వచ్చి పంపులు విప్పేవాణ్ణి.

ఫ్యూయల్ పంపు అంటే ఇంజిన్‌కు డీజిల్‌ను కొలిచి పంపే యంత్రం. దాని మీద ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని కొంచెం తిప్పితే డీజిల్ ఎక్కువ పోయి బండి జోరుగా లాగుతుంది. ఎవరూ తిప్పకూడదనే కంపెనీవాళ్లు దానికి తీగ చుట్టి సీసంతో సీలు వేస్తారు. ట్రైనింగ్‌లో మాకు పాఠం చెప్పిన పెద్దాయన అనేవాడు: "స్పీడు తేవడం కంపెనీకి చేతకాదనుకోకండి. ఇదే ఇంజిన్‌ను ఇంకా లాగించగలరు. పొగకు చట్టం పెట్టిన హద్దుంది, బ్రేకులకో హద్దుంది, పిస్టన్ తట్టుకునే వేడికీ హద్దుంది. అన్నీ చూసుకునే అక్కడ ఆపారు."

మేము బుద్ధిగా తలలూపాం. షాపులు పెట్టుకున్నాక అందరం సీళ్లు తెంపాం. ఫిట్‌నెస్ తనిఖీలో అనుమానం రాకుండా, అచ్చం కంపెనీదిలా కనిపించే దొంగ సీలు మళ్లీ వేసేవాళ్లం. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని నాకు మహా గర్వం.

కిషన్‌ది బయ్యారం అవతల తండా. సొంత జీపు నడుపుకునేవాడు. భార్య శాంతికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు వరంగల్ తీసుకెళ్లి డయాలసిస్, అంటే మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాలి. ఒకరోజు ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నా షాపు ముందు బండి ఆపాడు.

"అన్నా, జర పంపు పెంచు. యాడికాడ రోడ్లు బంద్ పెట్టిండ్రు. ఊర్లల్లకెళ్లి సుట్టు తిరిగి పోవుడైతంది. మొన్న లేటైందని శాంతి వంతు ఇంకొకలకిచ్చిండ్రు. సూడు, కాళ్లు మొకం ఎట్ల ఉబ్బినయో. ఇంకోపారి గట్లయితే ఈమె నాకు దక్కదన్నా."

శాంతి అంత నీరసంలోనూ నవ్వింది. "బండిని సూసుకున్నట్టు నన్ను సూసుకుంటే, గీ మిషన్ ఎక్కే పనే లేకుండె అన్నా."

ముగ్గురం నవ్వాం. నేను సీలు తెంపి, స్క్రూ బాగానే తిప్పి, దొంగ సీలు వేశాను. స్టార్ట్ చేస్తే గుప్పున నల్లటి పొగ వచ్చింది. "ఇగ నీది జీపు కాదు, ఇమానం" అన్నాను. ఎక్కువసేపు తొక్కిపట్టొద్దని, ఇంజిన్ వేడి చూపే ముల్లు చూసుకొమ్మని, మధ్యలో ఆపి చల్లార్చుకొమ్మని మాత్రం చెప్పలేదు. నా పనితనం చూసుకుని మురిసిపోతున్నాను, ఆ మాటలు గుర్తే రాలేదు.

మూడుసార్లు వేళకు చేరారు. మూడోసారి వచ్చాక కిషన్ ఫోన్ చేసి నన్ను దేవుణ్ణి చేశాడు. నాలుగోసారి తొర్రూరు దాటాక ఇంజిన్ పట్టేసి జీపు ఆగిపోయింది. ఎండలో ఆ రోడ్డు మీద ఒక్క బండి లేదు. కాస్త దూరంలో రాస్తారోకోలో కూర్చున్న ఆడవాళ్లు పరుగున వచ్చి శాంతిని నీడకు మోసుకెళ్లారు. వాళ్లే ఊళ్లోకి మనిషిని పంపి ఆటో తెప్పించి, రోడ్డుకు అడ్డం పెట్టిన రాళ్లు తీసి దారిచ్చారు. వర్ధన్నపేట చేరకముందే ఆమె ప్రాణం పోయింది.

దినాలు అయ్యాక కిషన్ జీపును ట్రాక్టర్‌కు కట్టి తెచ్చాడు. మా పక్క షాపు ఇంజిన్ మేస్త్రీ విప్పి చూస్తే పిస్టన్ కరిగి ఉంది. మేస్త్రీ పంపును అటూ ఇటూ తిప్పి చూసి, నా దొంగ సీలును కంపెనీదే అనుకుని, "సీలు మంచిగనే ఉంది, పంపుది తప్పేం లేదు" అన్నాడు. కిషన్ నేల మీద కూలబడ్డాడు.

"రేడియేటర్ల నీళ్లు సూసుకోలే అన్నా నేను. ఆగమాగం తీసిన బండి. నా చేతులార సంపుకున్న."

నేను నోరు విప్పలేదు. పిరికితనం, మరేం కాదు. మూడో రోజు పొద్దున్నే తండాకు పోయాను. వాడు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నీళ్లు కాదు కిషన్. నేను పెంచిన డీజిల్‌కే పిస్టన్ కరిగింది. ఎక్కువసేపు తొక్కొద్దని, మధ్యల ఆపి సల్లార్చాలని నీకు చెప్పాల్సుండె. చెప్పలే. తప్పు నాది."

తిడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. కొట్టినా బాగుండేది. వాడు మెల్లగా అన్నాడు.

"గంతే చెప్పేదుండె గదన్నా. కూసోలేకపోతున్న, జరసేపు బండాపుమని ఆమె రెండుపార్లు అడిగింది. టైమైతదని నేనే ఆపలే."

ఆ తరువాత నేను ఏ పంపుకూ కంపెనీ సీలు తెంపలేదు. పెంచమని వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి ఎందుకు కుదరదో వివరంగా చెబుతాను. కొందరు వింటారు, కొందరు విసుక్కుని ఇంకో షాపుకు పోతారు. ఆ రోజు కిషన్‌కు చెప్పని ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి గడియారం పెట్టుకుని చూశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.