తెల్ల గీతలు

ఆ వీధిలో అందరూ ఆమెని మిషను చెల్లి అనేవారు. దర్జీ అన్నయ్య గుడ్డ మీద గీతలు గీసి కత్తిరిస్తే, వాటి వెంబడే ఆమె మిషను మీద కుట్టేది. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. ఆయన ఏనాడూ సుద్దముక్క చెల్లెలి చేతికివ్వలేదు. "గీత నీకెందుకే, కుట్టు చూసుకో" అనేవాడు. ఈవిడా ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ఒక్కసారి అడిగి ఉంటే ఎంత బాగుండేది!

ఊరందరికీ కోట్లు కుట్టిపెట్టిన ఆ మనిషికి తనకంటూ ఒక్క కోటు లేదు. వదిన పోరగా పోరగా చివరికి నల్లగుడ్డ తెచ్చాడు. కత్తిరించి, జేబు ఎక్కడో, మడత ఎక్కడో, గుండీలు ఎక్కడో తెల్ల సుద్దతో గీసి, "రేపు కుట్టేద్దువుగానిలే" అన్నాడు. ఆ రేపు తెల్లారకుండానే గుండె ఆగి పోయాడు.

ఆ ముక్కల్ని ఆమె పాత దుప్పట్లో మూటగట్టి, కొట్టు వెనక గదిలో గోడ అల్మరాలో దాచింది. సంవత్సరం తిరిగేలోగా కుట్టి ఆయన కుర్చీకి తొడుగుతానని వదినకి మాటిచ్చింది. మాటైతే ఇచ్చింది గానీ, మూట విప్పడానికి చేతులాడలేదు.

ఇంతలో ముసురు పట్టింది. వదలదే! అల్మరా వెనక గోడ చెమ్మగిల్లి, తలుపు తీస్తే ముక్కిన వాసన గుప్పుమనేది. పాడు బూజు, మొదట కింది అరలో కనబడింది. వెనిగరుతో తుడిచింది. కలరా ఉండలు వేసింది. లోపల బల్బు వేలాడదీసి పగలంతా వెలిగించింది. తుడిచినచోట పోయి పక్కన మొలిచేది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ మధ్యాహ్నం బల్బు కాస్తా మాడిపోయింది. చీకటి అల్మరాలో చెయ్యి పెట్టి మూట లాగితే, దుప్పటి నిండా బూజే. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. అక్కడే, ఆ మసకలోనే విప్పింది. నల్లగుడ్డ మీద తెల్లగా చారలు చారలుగా, అక్కడక్కడా అలుక్కుపోయినట్టు ఏదో కనబడింది.

"లోపలికీ పాకిందే దేవుడా!" అని బ్రష్షు అందుకుంది. పొద్దుట్నించీ గిరాకీల బట్టల మీది బూజు రుద్దీ రుద్దీ ఉన్న చేతులవి, ఆలోచన లేదు. ముక్క తర్వాత ముక్క, కసికొద్దీ రుద్దింది. తెల్లటి పొడి రాలింది. బాగా వదులుతోందని సంతోషించింది కూడా, పిచ్చితల్లి.

అన్నీ అయ్యాక కిటికీ దగ్గరికి తెచ్చి చూసుకుంది. గుడ్డకి బూజు వాసనే లేదు. బూజు దుప్పటి దగ్గరే ఆగిపోయింది. గోళ్ళ నిండా సుద్ద.

అక్కడే కూలబడింది. ఇంకో వైపు తిప్పి చూసింది. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూసింది. ఒక్క గీతా లేదు.

వదిన టీ గ్లాసుతో వచ్చి, చక్కగా తళతళలాడుతున్న గుడ్డ చూసి మొహం చాటంత చేసుకుంది. "అమ్మయ్య, దీనికి పట్టలేదన్నమాట! ఇంకేం, కుట్టెయ్యమ్మా. ఆయన అన్నీ గీసే ఉంచారుగా, నీకెంతసేపు?"

మిషను చెల్లి ఆ ముక్కల్ని ఒళ్ళోకి లాక్కుంది.

"జేబు ఎక్కడో నాకు తెలీదు వదినా!" అని భోరుమంది.