నా గొంతు లేని హాకీ మాటలు

మేమిద్దరం కలిసి రికార్డు చేసి ఇంటర్నెట్టులో పెట్టిన హాకీ, బేస్‌బాల్ మాటల్లోంచి ఆయన నా గొంతు తీసేశాడు. తీసేసి ఊరుకోలేదు. నేను కళ్లారా చూసిన మ్యాచ్‌ను తాను చూసినట్టు తన గొంతుతో చెప్పుకున్నాడు. నన్ను అడగలేదు. చేశాక చెప్పనూ లేదు.

ఆయన మదనపల్లెలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. నేను పుంగనూరులో చింతపండు మండీ నడిపినవాణ్ని. నా బడి చదువు అయిదో తరగతితో సరి. ఆ తర్వాత నాకు చదువు చెప్పింది పాత పేపర్లు. పొట్లాలు కట్టడానికి బెంగళూరు నుంచి ఇంగ్లీషు పేపర్లు మూటలుగా వచ్చేవి. బేరం లేని మధ్యాహ్నాల్లో ఆటల పేజీ విప్పి, డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కునేవాణ్ని. తొంభైల్లో మనవాళ్లు ఓడిన ప్రతి హాకీ మ్యాచ్ సంగతీ నాకు నెలల తర్వాత తెలిసింది. దేశమంతా తిట్టి, ఏడ్చి, మరిచిపోయాక నేనొక్కణ్నే చింతపండు బస్తాల నడుమ కూర్చుని కొత్తగా కుమిలిపోయేవాణ్ని. అమెరికావాళ్ల బేస్‌బాల్ కూడా అట్లాగే అంటుకుంది. చిన్న అక్షరాల్లో ఉన్న ఆ అంకెల పట్టికను మొదట ఏదో మార్కెట్టు ధరలనుకున్నాను. రేటు ఇంత అన్యాయంగా ఎట్లా పడిపోయిందా అని చాలాసేపు ఆలోచించాను. అది ఆట అని తెలిశాక వదల్లేదు.

రెండువేల సంవత్సరం దాటాక పుంగనూరు బస్టాండు పక్కన నెట్ సెంటరు వచ్చింది. ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు అక్షరాలు పడతాయని దాని ఓనరు చూపించాడు. క్రికెట్ గురించి రాయడానికి దేశమంతా ఉంది. నేను హాకీ గురించి, బేస్‌బాల్ గురించి బ్లాగు రాయడం మొదలుపెట్టాను. చదివినవాళ్లు తక్కువ. తిట్టినవాళ్లు ఇంకా తక్కువ. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

అట్లా ఉండగా డ్రిల్లు మాస్టరు నన్ను వెతుక్కుంటూ మండీకి వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. చింతపండు మండీలోకి ఆ బట్టలతో వచ్చిన మొదటి మనిషి ఆయనే.

“బ్లాగు రాసేది నువ్వేనాప్పా?”

“నేనే సారూ. కూసోండి.”

“యాడ కూసోవాల? నాలుగు పక్కలా పులుపే ఉండాది.” నిలబడే మాట్లాడాడు. “నువ్వు రాసేది బాగుండాది. కానీ ఎవురు సదువుతారప్పా? మనోళ్లకు సదివే ఓపిక యాడిది? మాట్లాడదాం. హాకీ నువ్వు సెప్పు, బేస్‌బాల్ నేను సెప్తా. రికార్డు జేసి నెట్‌లో పెడితే ఇష్టముండేవాళ్లు ఇంటారు.”

బేస్‌బాల్‌ను మా వైపుకు తెచ్చింది ఆయనే. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. ఎందుకు తెచ్చాడో కూడా చెప్పాలి కదా. ఆ ఆటకు జట్లు తక్కువ. పోటీకి వెళ్లి నిలబడితే చాలు, సర్టిఫికెట్టు వస్తుంది. సర్టిఫికెట్టు ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటు. అందుకని చౌడేపల్లె, సోమల నుంచి కూడా పిల్లలు ఆయన చుట్టూ తిరిగేవాళ్లు. బంతి ఎటు నుంచి వస్తుందో తెలియని వాడు కూడా జిల్లా ఆటగాడైపోయాడు. గ్లవ్సు లేకపోతే వికెట్ కీపరు గ్లవ్సు తొడిగాడు. పరుగెత్తి తాకాల్సిన నాలుగు మూలల్లో పరచడానికి నా మండీలోని ఖాళీ గోతాలు పట్టుకెళ్లాడు. వాటి మీద జారిన పిల్లల నిక్కర్లు వారం దాకా పులుపు వాసన కొట్టేవట. నేను నవ్వుతూనే ఇచ్చాను.

రికార్డింగు నా గోడౌనులో. బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉంటే గొంతు తిరిగి మోగదు. లోపల దుమ్ముకు నాకు దగ్గు వచ్చేది, ఆయనకు చెమట పట్టేది. ఇంకో బాధ కూడా ఉంది. ఆయన జన్మలో ఎవరి మాటా చివరిదాకా విన్నవాడు కాదు. ఈల నోట్లో లేకపోయినా ఊదుతూనే ఉండేవాడు. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టాను. రికార్డరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. అయిపోయాక కాస్త ఊపిరి తీసుకుని అవతలివాళ్ల చేతికివ్వాలి. మా మండీలో తూకం దగ్గర మర్యాద అదే. కాటా పట్టినవాడు బరువు చెప్పేదాకా కొనేవాడూ అమ్మేవాడూ నోరు విప్పరు. ఆయన గొణిగాడు గానీ, గోడౌను నాది కాబట్టి ఒప్పుకున్నాడు.

కంప్యూటరు ఆయన ఇంట్లో. రికార్డరు మదనపల్లెకు పట్టుకెళ్లి, మాటల్ని అందులోకి ఎక్కించి, నెట్‌లో పెట్టి, రికార్డరు తుడిచి మళ్లీ తెచ్చేవాడు. నా దగ్గర ఏదీ మిగల్లేదు. దాచుకోవాలని నాకు తోచలేదు. ఇద్దరిదీ అయిన దాన్ని రెండుచోట్ల దాచుకోవడమేంటి?

ఆ మాటల్లో నేను చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. తొంభైల్లో ఒకరోజు సరుకు లారీతో మదనపల్లెకు పోయి, దింపుకోవడం ఆలస్యమైతే గ్రౌండు దగ్గరకు నడిచాను. కుప్పం పిల్లలకూ మదనపల్లె పిల్లలకూ హాకీ. గడ్డి లేని నేల, గులకరాళ్లు. బంతి రాయి తగిలి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. కుప్పం గోలీకి, అంటే గోల్ కాసే అబ్బాయికి, సరైన ప్యాడ్లు లేవు, ఎవరివో క్రికెట్ ప్యాడ్లు కట్టుకున్నాడు. మూతికి అడ్డం ఏమీ లేదు. బంతి లేచి నోటికి తగిలింది. ఆ అబ్బాయి వంగి, ఏదో ఉమ్మి, బూటుతో పక్కకు తోసి, మళ్లీ నిలబడ్డాడు. ఉమ్మింది పళ్లు. వెంటనే పెనాల్టీ స్ట్రోక్, గోలీ ఒక్కడే ఎదురు నిలవాల్సిన దెబ్బ. దాన్ని ఆపాడు. ఆపి, “రాండ్రా” అని అరవబోతే ఉబ్బిన పెదాల్లోంచి మాట రాక ఏదో పిల్లి కూత లాంటిది వచ్చింది. గ్రౌండంతా పగలబడి నవ్వింది. మైదానం దాటి ఆ అబ్బాయి దగ్గరకు పోయినవాడు ఒక్కడూ లేడు. నీళ్లు ఇచ్చినవాడు లేడు. వాడు గెలిపించిన జట్టు కూడా నవ్వుతూనే వాణ్ని ఎత్తుకుంది.

ఇది చెప్పినరోజు గోడౌనులో డ్రిల్లు మాస్టరు రికార్డరు తీసుకోవడం కూడా మరిచిపోయాడు. “ఆ పొద్దు నేను తిరప్తికి పోయింటినప్పా, సూడలేకపోతిని,” అన్నాడు. ఆ మాట కూడా రికార్డయింది.

కొన్ని నెలల తర్వాత మండీ సరుకు అమ్మకాల రోజుల్లో రెండు మూడు వారాలు నేను రికార్డింగుకు కుదరదన్నాను. ఆ తర్వాత ఆయన రాలేదు. ఒకరోజు నెట్ సెంటరు ఓనరు పిలిచాడు.

“తాతా, మీ మాటలకు కొత్తగా రంగులేసి పెట్టినారే. ఇను.”

హెడ్‌ఫోను చెవులకు పెట్టుకున్నాను. సన్నగా వాయిద్యం. ఆయన గొంతు. ఆయన గొంతే. మళ్లీ ఆయన గొంతే.

“నాది రాలేదే?”

“ఇంగొంచెం ముందుకు జరుపుతా ఉండు.” జరిపాడు. “లేదు తాతా. దగ్గు గూడా లేదు. కరెంటు పోయినప్పుడు నువ్వు మాట్లాడినావేమో!”

పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుని చివరిదాకా విన్నాను. అప్పుడు అర్థమైంది. రికార్డరు చేతులు మారేది కాబట్టి మా ఇద్దరి గొంతులూ ఎక్కడా కలవలేదు. నడుమ ఊపిరంత ఖాళీ. కోయడానికి నేనే గీత గీసి ఇచ్చినట్టయింది. ఆయనను ఆయన ఇష్టానికి నా మాటల మీద పడి అరవనిచ్చి ఉంటే, నా గొంతు తీయాలంటే తన గొంతు కూడా చీల్చుకోవాల్సి వచ్చేది. ఇక కుప్పం గోలీ సంగతి తీసిపారేయడానికి మనసొప్పక దాన్ని తానే మళ్లీ చెప్పాడు. “ఆ రోజు నేను గ్రౌండులోనే ఉన్నాను,” అని.

మరుసటి రోజే మదనపల్లె బస్సెక్కాను. తలుపు ఆయన భార్య తీసింది.

“సారు ఊర్లో లేడప్పా.”

గడప దగ్గర తెల్ల బూట్లు ఉన్నాయి. లోపలి గదిలోంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది, బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడి భుజం గురించి ఎవరికో వివరిస్తున్నట్టు.

“ఆ మాట్లాడేది ఎవురమ్మా?”

ఆమె వెనక్కి తిరిగి చూసి, “రేడియో,” అంది.

“రేడియోకు నేను వచ్చినానని సెప్పండి,” అన్నాను. లోపల గొంతు ఆగింది. తర్వాతి బస్సుకు వచ్చేశాను.

ఆ ఏడాది బడి పిల్లల ఆటల పోటీల ముగింపు కుప్పంలో జరిగింది. ఆయనకు సన్మానమని తెలిసి పలమనేరు మీదుగా వెళ్లాను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఎండలో వరుసకట్టిన పిల్లలు. ఆయన మైకు ముందు నిలబడితే తెలుగు మారిపోతుంది, గంజి పెట్టినట్టు నిక్కుతుంది. కుప్పం కాబట్టి కుప్పం గోలీ కథే ఎత్తుకున్నాడు. పళ్లు ఉమ్మడం దాకా నా మాటలే, నేను ఆపిన చోట ఆపాడు కూడా. ఆ తర్వాత, “నేను పరుగెత్తి వెళ్లి, నా చేతిరుమాలుతో ఆ బాలుడి నోరు తుడిచాను,” అన్నాడు. షామియానా అంతా చప్పట్లు. ముందు వరుసలో ఒకామె కళ్లు తుడుచుకుంది. ఎవరూ తుడవని నోటిని ఆయన పదేళ్ల తర్వాత మైకులో తుడిచాడు.

నేను లేచి నిలబడ్డాను.

“సారూ, ఆ పొద్దు మీరు తిరప్తిలో ఉంటిరి గదా!”

తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆయన నవ్వాడు.

“ఈ పెద్దాయన పుంగనూరులో చింతపండు వ్యాపారి. మా కార్యక్రమానికి మొట్టమొదటి శ్రోత. ఈ వయసులో నా కోసం ఇంత దూరం వచ్చారు. గట్టిగా చప్పట్లు కొట్టండి.”

కొట్టారు. పిల్లలు ఇంకా గట్టిగా కొట్టారు, వాళ్లకు ఏదైనా అరవడానికి వీలు దొరికితే చాలు. ఆయన వేదిక దిగి వచ్చి, తనకు కప్పిన శాలువా తీసి నా భుజాల మీద వేశాడు. ఫోటోవాడు పరుగెత్తుకొచ్చాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి, “ఇంగ కూసోప్పా, పరువు తీస్తాండావు,” అన్నాడు. ఎవరి పరువో చెప్పలేదు. కూర్చోలేదు నేను. శాలువా కుర్చీ మీద పడేసి బయటికి నడిచాను. వెనక ఎవరో, “పాపం, పెద్దాయనకు కండ్లనీళ్లు వచ్చేసినాయి,” అనడం వినిపించింది. అది కోపం. కోపానికి కూడా కళ్లలో నీళ్లొస్తాయని వాళ్లకు తెలియదు.

అప్పటి నుంచి నా బ్లాగులో ఏం రాసినా, హాకీ అయినా బేస్‌బాల్ అయినా, చివర ఒకటే ప్రశ్న పెట్టాను: “సారూ, మాటల్లో నా గొంతు మళ్లీ ఎప్పుడు పెడతారు?” ఇంకేమీ అడగలేదు. శాలువాలు ఆయన్నే కప్పుకోమనండి, ఆ కార్యక్రమం పేరు కూడా ఆయన్నే పెట్టుకోమనండి. నేను మాట్లాడినచోట నా మాట ఉంటే చాలు. చదివేవాళ్లకు ఆ ప్రశ్న తమాషా అయిపోయింది. హాకీ గురించి ఒక్క మాట అనని వాళ్లు కూడా కింద, “గొంతు దొరికిందా తాతా?” అని రాసి పోయేవాళ్లు. ఒకడు దగ్గు మందు పేరు రాశాడు.

ఆయన చదువుతున్నాడని నాకు తెలుసు. జవాబు ఎందుకివ్వడో నాకు నేనే రకరకాలుగా చెప్పుకున్నాను. బేస్‌బాల్‌ను సర్టిఫికెట్టు ఆట అని ఎగతాళి చేశాను, అందుకు కసి అనుకున్నాను. నా యాస బాగాలేదని హైదరాబాదులో పెద్దవాళ్లెవరో చెప్పి ఉంటారు, ఈయన కాదనలేకపోయి ఉంటాడు అనుకున్నాను. ఈ రెండోది నాకు ఎక్కువ నచ్చింది. బలవంతం మీద చేసి ఉంటే, గోడౌనులో నా ఎదురుగా బస్తా మీద పాత పేపరు పరుచుకుని కూర్చున్న మనిషి అబద్ధం కాడు. అదే నమ్మాను. నమ్మి, ప్రశ్నను ఇంకా మర్యాదగా రాయడం మొదలుపెట్టాను.

చాలాకాలానికి, ఒలింపిక్సుకు మన హాకీ జట్టు అర్హత కూడా సంపాదించలేదని నేను రాసిన దాని కింద, ఆయన పేరుతో జవాబు కనిపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. నెట్ సెంటరు ఓనరు పైకి చదవబోతే వద్దని, నేనే కూడబలుక్కున్నాను:

“అప్పా, ఇంగ సాలించు. నీ గొంతు తీసేయమని నన్నెవురూ అడగలేదు. నువ్వు లేకుండా ఎట్లుంటాదో సూద్దామని ఒగతూరి తీసి ఇన్నా. బాగుండింది. అంతే. పాతవి నా దగ్గర గూడా లేవు, కంప్యూటర్లో జాగా సాలక తుడిపేసినా. హాకీ మీద నువ్వు రాసేది మాత్రం ఇంగా బాగానే ఉండాది. ఏమన్నా ఉంటే పంపు, నేను సదువుతా నా గొంతుతో.”