ఓడలో మెకానిక్కు బతికాడా?

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి, "అమ్మమ్మా, నువ్వు ఎప్పుడూ చెప్పే ఓడ ఇదేనా?" అంది. ఇదే. అంతరిక్షంలో పోతున్న పెద్ద ఓడ, దాని అడుగున చిల్లు పడి గాలంతా బయటికి పోతుంటే లోపలివాళ్ళు పడే అవస్థ. నేను డిగ్రీ చదివే రోజుల్లో టీవీలో వచ్చిన ఇంగ్లీషు సీరియల్లో ఒక్క వారం కథ అది. దాన్ని మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో. చిల్లు పడ్డ గది తలుపు అవతలి వైపు నుంచే మూయాలి. ఓడ మెకానిక్కు అవతలికి వెళ్ళి మూసేస్తాడు. అతను పోయాడని అందరూ ఏడుస్తుంటే గొట్టాల్లో పాక్కుంటూ వచ్చి వంటగదిలో తేలి, ఆకలేస్తోంది, ఏదైనా పెట్టమంటాడు. తన కుర్చీలో కూర్చుని తింటాడు. అతను తలవంచుకుని గబగబా తినడం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఫోన్లో చివరిదాకా చూశాం. మెకానిక్కు తలుపు మూశాడు. మళ్ళీ రాలేదు. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ, దాని ముందు బోర్లించిన పళ్ళెం. అయిపోయింది.

"ఇంకా ఉంటుందే, ముందుకి జరుపు," అన్నాను.

"ఇంకేం లేదు అమ్మమ్మా, పేర్లు పడిపోతున్నాయి."

మా అమ్మాయి వంటింటి గుమ్మంలోంచి మా అల్లుడి వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయిన దగ్గర్నుంచి, రాజమండ్రిలో మతిమరుపు చూసే డాక్టరు గారి దగ్గరికి నన్ను తీసుకెళ్ళాలని వాళ్ళిద్దరూ అనుకుంటున్నారు. నేను ఒప్పుకోలేదు. లెక్కల టీచరుగా రిటైరైన మనిషిని. మా బంధువుల్లో ఎవరి పెళ్ళి ఏ తిథినాడు జరిగిందో, ఏ పిల్లకి ఎన్నో ఏడు నడుస్తోందో నన్నే అడుగుతారు. పాలు ఎవరైనా మరిచిపోతారు. కానీ జరగనిది జరిగినట్టు కళ్ళకి కట్టడం మరిచిపోవడం కాదు, అది వేరే జబ్బు. ఆ మధ్యాహ్నం నాకు మొదటిసారి భయం వేసింది. ఇదొక్కటే తప్పా, ఇన్నాళ్ళూ అందరికీ చెప్పినవన్నీ ఇలాంటివేనా?

టీవీలో ఆ కథ చూసిన రోజు నాకు బాగా తెలుసు. అట్లతద్ది మర్నాడు, ఆదివారం. పెనుగొండ దగ్గర మా ఊళ్ళో మాది ఉమ్మడి కుటుంబం. హాలులో టీవీ, దాని అద్దానికి పెద్దనాన్న బిగించిన రంగుల ప్లాస్టిక్ రేకు. పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ. నలుపు తెలుపు బొమ్మకి రంగులొస్తాయని కొట్టువాడు అంటగట్టాడు. దాంతో ఎవరు కనపడినా నీలం జుట్టూ, ఎర్ర మొహం, ఆకుపచ్చ కాళ్ళూ. సీరియల్లోని పరలోకవాసులకీ మామూలు మనుషులకీ తేడా తెలిసేది కాదు. ఇంగ్లీషు మాకెవరికీ అంతగా అర్థమయ్యేది కాదు. సొసైటీ ఆఫీసులో హెడ్ క్లర్కు కాబట్టి పెద్దనాన్నే వాక్యం వాక్యం తెలుగులో చెప్పేవాడు. జీవితమంతా ఆఫీసు ఉత్తరాలు రాసినవాడు కావడంతో ఆయన నోట అంతరిక్షంలో అందరూ "తమ ఆదేశం అందినది, తగు చర్య తీసుకొనబడును" అని మాట్లాడుకునేవారు. నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ గది పొడవు వెడల్పు చెప్పకుండా గాలి ఎంతసేపు వస్తుందో ఎలా తేలుతుందని అడిగాను. "నీ లెక్కలు కాలేజీలో చేసుకోవే, వాళ్ళు చస్తుంటే!" అని కసిరాడు.

కసిరిన వెంటనే నాలిక కరుచుకున్నాడు. నా పక్కనే పిన్ని కూర్చుని ఉంది, మా బాబాయి భార్య. నాకంటే కొద్దిగా పెద్దది, కొత్త కోడలు. బాబాయి సరుకుల ఓడలో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. బంగాళాఖాతంలో తుఫాను, కబురు లేదు. ముందురోజు పిన్ని పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టకుండా అట్లతద్ది నోము చేసింది. గోరింటాకు పండిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఓడ వైపే చూస్తోంది. ఇంట్లో అందరం ఓడని కాసేపు, ఆవిడ మొహాన్ని కాసేపు చూస్తున్నాం.

అందుకే ఫోన్లో చూసిన మర్నాడు, సోమవారం పొద్దున్నే మా అమ్మాయి వద్దంటున్నా బస్సెక్కి పాలకొల్లు వెళ్ళాను. ఆ హాలులో కూర్చున్నవాళ్ళలో మిగిలింది పిన్నీ, నేనూ. పెద్దనాన్న పోయి చాలా కాలమైంది, ఆ తుఫాను నుంచి తిరిగొచ్చిన బాబాయి కూడా నిండుగా బతికి వెళ్ళిపోయాడు. పిన్ని వసారాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నా గోడంతా చెప్పి, "పెద్దనాన్న ఏం చెప్పాడో నీకు గుర్తుందా?" అన్నాను.

"ఎందుకుండదే? మెకానిక్కు వంటింట్లోకి ఊడిపడి అన్నం పెట్టమన్నాడన్నారు."

గుండె మీంచి బరువు దిగింది. "అయితే నేను కల్పించలేదన్నమాట! ఆయనకి ఇంగ్లీషు అర్థం కాలేదా, నీకోసం మార్చి చెప్పాడా?"

"ఏమోనమ్మా. బావగారికి ఎంత ఇంగ్లీషు వచ్చో ఆ సొసైటీ వాళ్ళకే తెలియాలి." పిన్ని నవ్వింది. "ఇంగ్లీషు రాకపోతే కళ్ళు కూడా లేవా నాకు? ఖాళీ కుర్చీ కనపడుతూనే ఉంది కదే. ఆయనేమో బతికాడు, తింటున్నాడు అంటారు."

"మరి అప్పుడేం అనలేదేం?"

"ఇంటిల్లిపాదీ నా మొహం చూస్తుంటే ఏమంటాను? నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అత్తయ్యగారు పడిపోయేలా ఉన్నారు. సరేనండీ, బతికాడు అనుకుని నవ్వేశాను. మీ బాబాయి వచ్చేదాకా అలాగే నవ్వాను."

"నాకు మాత్రం అతను తింటూ కనపడుతున్నాడు పిన్నీ. తలవంచుకుని."

పిన్ని చేతిలో కాయ ఆపి నా వైపు చూసింది. "అది మీ బాబాయి కాదుటే? కార్తీక పౌర్ణమి ముందురోజు దిగారు. గడ్డం మాసిపోయి, ఆకలీ అంటూ. ఆ హాల్లోనే తలెత్తకుండా తిన్నారు. నువ్వే కదా వడ్డించావు!"

"నేనెక్కడున్నాను? నాకు పరీక్షలు. పౌర్ణమి వెళ్ళిన వారందాకా భీమవరం హాస్టల్లోనే ఉన్నాను."

"ఉన్నావే బాబూ! రెండోసారి పప్పు వేస్తూ నువ్వు ఏడ్చావు. నేను మాత్రం ఏడవలేదు. ఆ సంగతి నేను మరిచిపోతానా?"

ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఆవిడకి నా పరీక్షలు అక్కర్లేదు. నాకు ఆవిడ పప్పు గరిటె నమ్మబుద్ధి కాలేదు. హాల్ టికెట్టు మీద తేదీలు నాకింకా కంఠతా వచ్చు. కానీ ఆవిడ చెబుతుంటే నా చేతికి గిన్నె బరువు తెలిసింది. ఇప్పుడు తెలిసిందా, అప్పటిదేనా అంటే చెప్పలేను. ఓడ సంగతి తేల్చుకుందామని వచ్చినదాన్ని, ఆ పరీక్షలు నేను రాశానో లేదో అనే అనుమానంతో లేచాను. చిక్కుడుకాయలు సగం సంచిలో వేసి ఇస్తూ, "డాక్టరు దగ్గరికి వెళ్తే నన్నూ తీసుకెళ్ళవే, ఇద్దరికీ ఒకేసారి చూస్తాడు," అంది పిన్ని.

ఇంటికొచ్చి, వెళ్దాం, పిన్నిని కూడా తీసుకెళ్దాం అని మా అమ్మాయితో చెప్పాను. అది నమ్మలేనట్టు చూసింది. డాక్టరు గారు ఏం అడుగుతారో తెలియదు. ఈ రోజు ఏ వారం, ఏ నెల అని అడిగితే తడుముకోకుండా చెబుతాను. ఆ కార్తీక మాసంలో ఎక్కడున్నావని అడిగితేనే కష్టం. కాలం నా దగ్గర తేదీ ఒక్కటీ జారిపోకుండా ఉంచింది. బాబాయి తిరిగొచ్చిన ఆ రోజుని మాత్రం పిన్ని దగ్గర దాచింది.