చాప్‌చాప్ అన్న గొంతు

ఓడ మీద ఆఫీసర్లకు తొందరపెట్టడానికి ఒకటే మాట: చాప్‌చాప్. కాకినాడ నుంచి వచ్చి విశాఖ రేవులో గుమాస్తాగా చేరిన కొత్తలో, అది అచ్చమైన ఇంగ్లీషనే అనుకున్నాను. డెబ్భై నాలుగులో ఓ హాంకాంగ్ ఓడ వంటవాడు నా భ్రమ వదిలించాడు. అది వాళ్ల చైనా రేవుల్లో పుట్టిందట. కూలీలు తమలో తాము ‘త్వరగా’ అనుకునే మాటను దొరలు పట్టుకుని, వంకర తిప్పి, ఆ కూలీల మీదే అరిచారట.

పక్కనున్న వరహాలుకు ఇది చెప్తే నవ్వాడు. “మనకాడ ఆ పప్పులుడకవు బాబూ.”

సబ్బవరం నుంచి వచ్చిన వరహాలు, ఓడ అడుగున పనిచేసే, తనతో కలిపి ఎనిమిదిమంది జట్టుకు కేక వేసేవాడు. అతని కేక పడితేనే అందరూ ఒక్కసారిగా పలుగులు అదిమి బరువు జరపాలి. ఎవరి చెయ్యీ కాలూ కింద లేవని కళ్లారా చూసుకుంటేగానీ వేసేవాడు కాదు. పైనుంచి దొర గొంతు చించుకున్నా ఎవరూ ఖాతరు చేసేవారు కాదు.

తన చెల్లెలి మొగుడు అప్పలసూరికి కేక వేయడం నేర్పింది వరహాలే. తనకు గొంతు బాగోనప్పుడు అతని చేతే వేయించేవాడు. ఎనభై మూడులో పెద్దల కాళ్లావేళ్లా పడి అతన్ని మేస్త్రీని చేయించిందీ వరహాలే.

ఆ ఏడే ఉక్కు ఫ్యాక్టరీకి పెద్ద పెద్ద పెట్టెలొచ్చాయి. ఓ మధ్యాహ్నం వరహాలు పెట్టె కింద చెక్క దూర్చడానికి వంగాడు. పైన ఆఫీసరు చాప్‌చాప్ అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆఫీసరు పక్కనున్న అప్పలసూరి అందుకున్నాడు. “చాప్‌చాప్! బేగి కానీండెహె!”

అలవాటైన గొంతు. ఏడుగురూ పలుగులు అదిమారు. పెట్టె జారి వరహాలు కుడిపాదం నుజ్జయింది.

విచారణ పెట్టారు. కేక వరహాలుదేనని తేలితే తప్పు అతనిది, ఉద్యోగం ఊడుతుంది. కాదంటే గేటు దగ్గర కూర్చుని చేసే పనిస్తారు. వరహాలుకు బెంగే లేదు. “మా బావ ఉన్నమాట సెప్తాడు,” అన్నాడు.

“కేకేసింది మా బావే సార్,” అన్నాడు అప్పలసూరి.

ఏడుగురూ తలలు దించుకున్నారు. రేపు ఆ మేస్త్రీ దగ్గరే పనిచేయాలి మరి! నేనా, ఆ మధ్యాహ్నం గోడౌన్లో ఉన్నాను; జరిగింది తర్వాత విన్నదే. చూడనివాడి మాట ఎవడిక్కావాలి? అప్పలసూరి చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ సిగ్గు నాకింకా ఉంది.

ఉద్యోగం తీసేసిన కాగితం పట్టుకుని వరహాలు కర్రమీద బయటికొచ్చాడు.

“కాలు పోతే పోనాది బాబూ,” అన్నాడు. “ఆడు బేగి అంటే ఏడుగురూ కదిలినారు. నా కోసం ఒక్కడి నోరూ కదల్నేదు.”