కాలేజీ వాళ్ళు తెచ్చిన తాంబూలం

మా మనవరాలు ఇంటర్ పాసైన కొన్నాళ్ళకు, టై కట్టుకున్న ఒకాయన చిత్తూరులోని మా ఇంటికి వచ్చాడు. చేతిలో స్టీలు పళ్ళెం. అందులో అరటిపళ్ళు, ఆకువక్క, కుంకుమ పొట్లం, మిఠాయి డబ్బా. పళ్ళెం అంచున కాలేజీ పేరు చెక్కి ఉంది. తిరుపతి దారిలో కొత్తగా కట్టిన కాలేజీ అది. ఆ వేళకు నేను మా బెల్లం మండీలో ఉన్నాను. కోడలు ఆయన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పళ్ళెం రెండు చేతులా అందుకుంది. డిగ్రీ సీట్లకు కంప్యూటర్లో ఆప్షన్లు పెట్టేటప్పుడు తమ కాలేజీనే మొదట పెట్టమని ఆయన అడిగితే, సరేనంది.

నేను ఇల్లు చేరేసరికి పళ్ళు సగం అయిపోయాయి.

"ఎవురు తెచ్చింది?"

"కాలేజీ వాళ్ళు అత్తా. పాపకు సీటు ఇస్తారంట."

"నువ్వేమన్నావు?"

"'అట్లే అన్నా' అంటిని. పళ్ళెం పట్టుకోని గడప తొక్కినోళ్ళను పొమ్మంటామా?"

లోపలి నుంచి మనవరాలు విసురుగా వచ్చింది. "అమ్మా, నేను తిరుపతిలో సదవాలని మొన్ననే సెప్తిని గదా!"

తిరుపతిలో ఒక పాత కాలేజీ మీద దాని మనసు. బీబీఏలో చేరి మార్కెటింగ్ చదవాలని. అక్కడి టీచరమ్మ పిల్లల్ని అంగళ్ళ వెంట తిప్పి, కొనేవాళ్ళు ఏం అడుగుతున్నారో, ఎందుకు కొనకుండా పోతున్నారో చూసి రమ్మంటుందట. చిన్నప్పటి నుంచి ఏదీ కావాలని అడగని పిల్ల, దీన్ని మాత్రం గట్టిగా అడిగింది. మొదట నేను ఎగతాళి చేశాను.

"అమ్మేది నేర్సుకునేదానికి కాలేజీ ఏంటికిమే? మండీలో కూర్సో, నేను నేర్పిస్తా."

"నువ్వు అమ్మేది వచ్చినోళ్ళకే గదవ్వా. రానోళ్ళను ఎట్ల రప్పించాలో నీకు తెలుసునా?"

ఆ మాటతో సగం మెత్తబడ్డాను. కానీ పళ్ళెం చూశాక సంగతి మారిపోయింది. మా ఇంట్లో పెళ్ళి సంబంధమైనా, బెల్లం ధరైనా ఆకువక్క చేతులు మారితే ఖాయమైనట్టే. మరునాడు ధర పెరిగినా రైతు వెనక్కి పోడు, పడిపోయినా మేం పోము. మా మండీ నిలబడిందే అట్లా. అందుకే చెప్పేశాను.

"తాంబూలం తీసుకున్నాం. ఇంక ఆ కాలేజీయే."

మా అబ్బాయి నసిగాడు. "వాళ్ళకు ఆకువక్క అంటే ఏందో తెలుసునా అమ్మా?"

"తెలీకుండానే పళ్ళెంలో పెట్టుకోని వస్తారా?"

పిల్ల నాలుగు రోజులు తల వంచుకుని తిని లేచిపోయింది. ఆప్షన్లు పెట్టే గడువు దగ్గర పడినప్పుడు నా ఎదురుగా వచ్చి నిలబడింది. "సరే అవ్వా. ఇష్టం లేకపోయినా ఆ కాలేజీలోనే మూడేండ్లు సదువుతా. నీ మాట నిలబడతాది."

అది తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. ఆ మాట విని లేచిపోయి, ఆ పళ్ళెం తోమి పెట్టాను.

సంబంధం వద్దనుకుంటే ఒక పద్ధతి ఉంది. అవతలివాళ్ళు ఖర్చులో పడకముందే పెద్దవాళ్ళు స్వయంగా పోయి, అదే పళ్ళెంలో కొత్త తాంబూలం పెట్టి, తప్పు మాదని చెప్పి తిరిగి ఇచ్చేయాలి. అప్పుడు మాట తప్పినట్టు కాదు. మరునాడే సంతలో పళ్ళు, ఆకువక్క కొని, పిల్లను వెంటబెట్టుకుని పల్లెవెలుగు బస్సెక్కాను.

కాలేజీ హాలు చల్లగా ఉంది. మేం ఎందుకు వచ్చామో బల్ల దగ్గరి అమ్మాయికి రెండుసార్లు చెప్పినా అర్థం కాలేదు. చివరికి ఆ టై కట్టుకున్నాయన్నే పిలిపించింది. మా వీధి పేరు చెప్పినా, మా ఇల్లు ఆయనకు గుర్తు రాలేదు.

"మా కోడలు మీకు మాటిచ్చింది నాయనా. నిలబెట్టుకోలేకుండా ఉండాం. తప్పుగా అనుకోవద్దు," అని పళ్ళెం చాచాను.

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు. "అయ్యో, ఇంత దూరం దీనికోసరం వచ్చినారా అవ్వా? మీ వీధిలో ఇంటర్ పిల్లోళ్ళుండే ఇండ్లన్నిటికీ ఇచ్చినాం. ఇది పబ్లిసిటీకి. పళ్ళెం మీరే పెట్టుకోండి."

ఆయన వెనక గోడవార అవే పళ్ళేలు దొంతరగా ఉన్నాయి. పక్కన బుట్టలో ఆకులు, దారం కట్టిన కట్టలు. మాటకు గుర్తుగా నేను ఇన్నేళ్ళు కళ్ళకద్దుకున్న ఆకులు వాడిపోతూ ఉన్నాయి. కోపం రాలేదు. ఇంట్లో ఎవరో పోయినట్టు అనిపించింది. మనవరాలు నా మోచెయ్యి పట్టుకుంది. పళ్ళెం ఆయన చేతిలోనే పెట్టాను. పళ్ళు ఎందుకు పారేయాలని సంచిలో వేసుకున్నాను.

బస్టాపులో అడిగాను. "మార్కెటింగ్ అంటే ఇదేనామే? రేపు నువ్వూ ఆకువక్క పట్టుకోని ఇండ్లిండ్లకూ పోతావా?"

 "ఉద్యోగమిచ్చినోళ్ళు పొమ్మంటారేమో అవ్వా. పోతానో లేదో ఇప్పుడే సెప్పలేను."

ఛస్తే పోనని అనుంటే నమ్మేదాన్ని కాదు. తిరుపతి బస్సు ఆపమని చెయ్యెత్తాను.

పాత కాలేజీలో మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు కూడా లేరు. ఆ టీచరమ్మ క్లాసు ముగించుకుని వచ్చేదాకా వరండాలో నిలబడ్డాం.

"సదివినంక ఉద్యోగం ఇప్పిస్తారా అమ్మా?" అని అడిగాను.

"ఇప్పిస్తామని నేను చెప్పలేనమ్మా. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. పాఠం మాత్రం సరిగ్గా చెప్తాను."

చేతిలో పళ్ళెం లేకుండా చెప్పిన మాట. అది చాలనుకున్నాను.

చిత్తూరుకు తిరిగొచ్చి బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు పోయాం. కంప్యూటరు ముందున్నతను నా వైపు తిరిగాడు. "మొదటి ఆప్షన్ ఏది పెట్టాలవ్వా?"

"నన్నెందుకు అడుగుతావప్పా? సదివేది ఆ పిల్ల. ఆమెనే అడుగు."

పిల్ల ఒకసారి నా ముఖం చూసి, తిరుపతి కాలేజీ పేరు చెప్పింది. అతనికి వినపడలేదు. ఈసారి గట్టిగా చెప్పింది.