సాక్షి సంతకం నాదే

రాయదుర్గం మెట్రో మెట్ల కింద మధ్యాహ్నం ఒంటిగంటకు టవర్లలో ఊడ్చే ఆడవాళ్లు డబ్బాలు విప్పుకుని కూర్చుంటారు. బ్యాంకులో నా నౌకరీ అయిపోయాక వారంలో రెండు మూడు రోజులు మూసాపేట నుంచి అక్కడికి వెళ్లి కూర్చుంటున్నాను. డబ్బు సంగతులు చెబుతాను. సగం మంది వింటారు, సగం మంది ఫోన్లు చూసుకుంటారు. నాకు చదువు లేదు. పేరు రాయగలను, అంకెలు పోల్చుకోగలను, అంతే. ఇదంతా కూడా నేను చెబుతుంటే పక్కన కూర్చుని ఒకరు రాస్తున్నారు.

మా ఆయన బ్యాంకులో అటెండరు. ఒకరోజు ఫైళ్లు మోస్తూ మోస్తూ కూలబడ్డాడు, దవాఖానకు చేరేలోపే అయిపోయింది. ఆయన జాగాలో నన్ను ఊడ్చే పనికి తీసుకున్నారు. పొద్దున్నే ఊడ్చి తుడిచి, తరవాత రోజంతా ఖాళీగా ఉండలేక జనానికి చీటీలు అందించేదాన్ని. ఏ చీటీ డబ్బు వేసేది, ఏది తీసేది, రంగు చూసి చెప్పేదాన్ని. చూస్తూ చూస్తూ పాస్‌బుక్కులో ఏ వరసలో ఏముంటుందో తెలిసిపోయింది. కొన్నేళ్లకు నన్నే అటెండరును చేశారు. ఆ రోజే పేరు రాయడం నేర్చుకున్నాను. హాజరు పట్టీలో అందరిలా సంతకం పెట్టాలని నాకు పట్టుదల.

టవర్ల ఆడవాళ్ల జీతాలు మా బ్రాంచిలోనే పడేవి. చాలామంది ఏటీఎం కార్డులు వాళ్ల సూపర్‌వైజర్ దగ్గరే ఉండేవి. వాడే డబ్బు తీసి, వాడికి తోచింది చేతిలో పెట్టేవాడు. ఇది తెలిసి నేను ఒకామెను పట్టుకుని గుడ్లురిమాను.

"నీ కార్డు వాని జేబుల ఎందుకున్నదే? వాడు నీ మొగడా?"

"నంబరు ఒత్తుడు నాకు రాదక్కా."

"నాకొచ్చిందా పుట్టంగనే? దా, నేను నేర్పిస్త."

అట్లా ఒక్కొక్కరినీ మిషను దగ్గరకు తీసుకెళ్లాను. సూపర్‌వైజరు వచ్చి నామీద అరిచాడు, మేనేజరు సారుకు చెప్పాడు. సారు నవ్వి ఊరుకున్నారు. ఆ తరవాత వాళ్లకు నా మాటంటే గురి కుదిరింది. చీటీపాటల్లో వేయొద్దు, బ్యాంకులోనే వేయండి అంటే వేశారు. బ్యాంకు కాగితం ఎవరికీ చూపించొద్దు, భద్రంగా దాచుకోండి అంటే దాచుకున్నారు. ఆ రెండు మాటలూ నేనే చెప్పాను. కాదనను.

వాళ్లలో ఒకామె, పాలమూరు వైపు మనిషి. ఆమె మొగుడు మేస్త్రీ. కోకాపేటలో కడుతున్న టవరు మీదినుంచి పడి చచ్చిపోయాడు. కట్టించేవాళ్లు కేసు వద్దని నాలుగు లక్షలు ఖాతాలో వేశారు. ఆమె నా దగ్గరకొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అక్కా, ఈ పైసలు నా బిడ్డ నర్సు చదువుకు. ఇంటర్ అయితున్నది. ఖాతాల ఉంటే మా మరుదులు ఊకోరు. ఏడన్న కదలకుండ పెట్టియ్యి."

"ఫికర్ జేయకు. ఫిక్స్‌డ్ ఏపిస్త. ఏడాదికి మిత్తితోని వస్తయి" అన్నాను.

చెయ్యి పట్టుకుని ఆఫీసరమ్మ బల్ల దగ్గరకు తీసుకెళ్లాను. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినావిడ, మంచిగా మాట్లాడుతుంది, నన్నెప్పుడూ ఏకవచనంలో పిలవలేదు. "ఫిక్స్‌డ్ కంటే మంచిది ఉందండి, ఎక్కువ వస్తుంది, పైగా బీమా కూడా" అంది. బ్యాంకులో కూర్చున్న మనిషి చెబితే బ్యాంకు చెప్పినట్టే అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఆ బ్యాంకులో ఉన్నాను, ఆ మాత్రం తెలియదా నాకు అనుకున్నాను.

కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆమె వేలికి ఇంకు రాసి, ఆవిడ చూపించిన ప్రతిచోటా నేనే ఒత్తించాను. చివరి కాగితం ఆఫీసరమ్మ నాముందు పెట్టింది.

"మీరొక సంతకం పెట్టండమ్మా. వేలిముద్ర వేసినవాళ్లకు సాక్షి కావాలి, అంతే."

పెట్టాను. ఎంత చక్కగా పెట్టానో! అక్షరం వంకర పోలేదని చూసుకున్నాను కూడా.

బీమా కంపెనీ నుంచి ఫోనొస్తే అన్నిటికీ అవునని చెప్పమంది ఆఫీసరమ్మ, ఆమె అట్లాగే చెప్పింది. పదిహేను రోజులకు లావుపాటి కవరు వచ్చింది. ఆమె దాన్ని విప్పలేదు. పసుపు కుంకుమ పెట్టి దేవుడి పటం వెనక దాచింది. "ఎవలకు చూపియ్యలేదక్కా, నువ్వు చెప్పినట్టే" అని నాకు వచ్చి చెప్పింది కూడా. మంచి పని చేశావన్నాను.

ఏడాది తిరిగింది. కూతురు ఇంటరు పాసయింది, నర్సింగు కాలేజీలో సీటు మాట్లాడుకున్నారు. తల్లీకూతుళ్లు డబ్బు తీసుకుందామని వచ్చారు. ఆఫీసరమ్మ అప్పటికే బదిలీ అయి వెళ్లిపోయింది. ఆ కుర్చీలో ఉన్న కొత్త సారు కవరు విప్పి చదివి, మమ్మల్ని చూసి, మళ్లీ చదివాడు.

"ఇది డిపాజిట్ కాదమ్మా, పాలసీ. ఏటా నాలుగు లక్షలు కట్టాలి, ఐదేళ్లు. ఈ ఏడాది కట్టకపోతే కట్టింది కూడా రాదు."

ఆమెకు అర్థం కాలేదు. నావైపు చూసింది. "ఇంకా నాలుగు లచ్చలు అడుగుతున్నరా అక్కా? ఇంకెవలు సస్తే వస్తయట అవి?" అంది.

వద్దనుకుంటే కవరు అందిన కొన్నాళ్లలోపు తిప్పి పంపొచ్చట. ఆ సంగతి మొదటి పేజీలోనే రాసి ఉందట. ఆ కొన్నాళ్లూ అది దేవుడి వెనక ఉంది.

నేను ఊరుకోలేదు. ఎవరెవరి కాళ్లో పట్టుకుని అర్జీ రాయించాను. పైఆఫీసుకు పంపాం, అక్కడినుంచి ఇంకో పైఆఫీసుకు పోయింది. ఏడెనిమిది నెలలకు జవాబొచ్చింది. కొత్త సారు నాకు తెలుగులో చెప్పాడు. పాలసీ వివరాలన్నీ ఆమెకు తెలిసిన భాషలో పూర్తిగా వివరించానని, ఆమెకు అర్థమైందని సాక్షి సంతకం పెట్టి ఉంది కాబట్టి ఫిర్యాదు చెల్లదట. సాక్షి సంతకం చూపించమన్నాను. చూపించాడు. నాదే. నా జన్మలో నేను సొంతంగా రాయడం నేర్చుకున్నది ఆ నాలుగక్షరాలే.

నేనేమీ వివరించలేదని చెబుదామంటే నా నౌకరీ పోతుందని సారే అన్నాడు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. నోరు మూసుకున్నాను. ఇది ఆమెకు ఇప్పటివరకూ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇప్పుడు నడుం పడిపోయి ఇంట్లోనే ఉంటోంది. తల్లి యూనిఫారం కూతురు వేసుకుంది. మెట్ల కింద నా ముందు కూర్చునేవాళ్లలో ఆ పిల్ల కూడా ఉంది. నేను చెప్పేది ఇప్పుడు ఒకటే: తెలియని కాగితం మీద వేలు పెట్టకండి, ముగ్గురితో చదివించుకోండి. ఆ పిల్ల తలొంచుకుని తింటుంది.

మొన్న మాత్రం తలెత్తి అడిగింది.

"పెద్దమ్మా, కాలేజోళ్లు మల్ల పిలిచిండ్రు. శుక్రారం లోపట ఫీజు కడితే సీటిస్తరట. ఫోన్‌ల లోను ఇస్తున్నరు. తీసుకోవాల్నా వద్దా?"

"వద్దు బిడ్డా. వాళ్లు పీక్క తింటరు."

"అయితే పైసలు యాడికెళ్లి తేవాలె? నువ్వే చెప్పు."

బ్యాంకులో అడుగుదాం అనబోయి ఆగాను. ఏం తాకట్టు పెట్టి అడుగుతాం? నా పింఛను నా కిరాయికీ మందులకూ చాలదు.

"అండ్ల రాసిందంత చదివినవా?" అన్నాను.

"మస్తున్నది పెద్దమ్మా, కిందికి జరుపుతుంటే ఒడుస్తలేదు. ఎవలు చదువుతరు?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ పిల్ల నా ముందే బొటనవేలితో ఫోనులో లోనుకు సరేనని ఒత్తింది. డబ్బా మూసి, కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని, అందరితో పాటు లోపలికి వెళ్లిపోయింది. నేను లేచి మూసాపేట పోవడానికి రైలెక్కాను.